పర్సు పోయింది, కార్డులు బ్లాక్ చేయించాం. ఇక చాలా?

మీరు డల్లాస్ నుంచి అడిగింది క్లుప్తంగా ఇదీ: గుంటూరు నుంచి హైదరాబాద్ వస్తుంటే ఆర్టీసీ బస్సులో నాన్నగారి పర్సు పోయింది. అందులో ఒరిజినల్ ఆధార్, పాన్, రెండు ఏటీఎం కార్డులు, ఒక క్రెడిట్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, సంతకం పెట్టి ఉంచుకున్న ఒక చెక్కు ఉన్నాయి. ఫోను మాత్రం చేతిలోనే ఉంది. మర్నాడు పొద్దున కార్డులు బ్లాక్ చేయించారు. ఇక చాలా, పోలీసులకు చెప్పాలా, ఆధార్ నంబరు మార్చుకోవచ్చా, మన పేరు మీద కొత్త అప్పు పుట్టకుండా ఆపే క్రెడిట్ ఫ్రీజ్ అమెరికాలోలా ఇండియాలో ఉందా అన్నవి మీ ప్రశ్నలు.

చాలదు. కార్డు బ్లాక్ చేస్తే ఆ కార్డుతో డబ్బు పోకుండా ఆగుతుంది, అంతవరకే. ఆధార్, పాన్ నంబర్లు జన్మకి ఒక్కటే, మార్చడానికి వీల్లేదు. వాటితో నాన్నగారి పేరు మీద అప్పు తీయొచ్చు, సిమ్ తీసుకోవచ్చు, జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించొచ్చు. ఈ బాపతు మోసం పర్సు పోయిన వారంలో బయటపడదు. ఏ నాలుగు నెలలకో రికవరీ ఏజెంటు ఫోన్ చేసినప్పుడు తెలుస్తుంది. కాబట్టి మొదటి రోజు పని ఒక ఎత్తు, తర్వాత ఏడాదిపాటు చేయాల్సిన కాపలా ఒక ఎత్తు.

ముందు కార్డుల సంగతి పూర్తి చేద్దాం. బ్యాంకు యాప్‌లో రెండు రకాల ఆప్షన్లుంటాయి. ఒకటి తాత్కాలికంగా ఆపడం, మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. రెండోది శాశ్వతంగా బ్లాక్ చేయడం, దీన్నే హాట్‌లిస్ట్ అంటారు. మీరు చేసింది ఏదో చూడండి. తాత్కాలికమే అయితే ఇప్పుడే శాశ్వతంగా మార్చండి. బ్లాక్ అయినట్టు వచ్చిన ఎస్ఎంఎస్‌ని తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, ఆ రిఫరెన్స్ నంబరు ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత ఏ వివాదం వచ్చినా ఆ నిమిషమే సాక్ష్యం.

రాత్రంతా కార్డులు తెరిచే ఉన్నాయి కనుక ఆ పన్నెండు గంటల స్టేట్‌మెంట్ పైసాతో సహా చూడండి. పిన్ తెలియకపోయినా కార్డు వాడే దారులు రెండున్నాయి. కార్డు మీద వైఫై లాంటి గీతల గుర్తు ఉంటే, స్వైపింగ్ మిషన్‌కి తాకిస్తే చాలు, ఒక్కో లావాదేవీకి 5,000 రూపాయల వరకు పిన్ అడగదు. 2021 జనవరి నుంచి అమల్లో ఉన్న పరిమితి ఇది. రెండోది విదేశీ వెబ్‌సైట్లు. మన దేశపు సైట్లలో ఓటీపీ లాంటి రెండో తనిఖీ తప్పనిసరి, బయటి సైట్లు చాలావాటికి ఆ నిబంధన వర్తించదు. కార్డు ముందువైపు నంబరు, గడువు తేదీ, వెనక మూడంకెల సీవీవీ ఉంటే చాలు. క్రెడిట్ కార్డుకి అంతర్జాతీయ ఆన్‌లైన్ వాడకం ఆన్‌లో ఉందో లేదో అందుకే ముందు చూడమంటాను. మీరు ఇండియా వచ్చినప్పుడో, నాన్నగారు మీ దగ్గరికి వచ్చినప్పుడో ఆన్ చేసి మరిచిపోయి ఉండొచ్చు.

తెలియని ఖర్చు కనబడితే గడువు లెక్క ముఖ్యం. ఆర్‌బీఐ 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు ఖాతాదారుదీ బ్యాంకుదీ కాకుండా మూడో మనిషి వల్ల జరిగితే, బ్యాంకు నుంచి సమాచారం అందాక 3 పనిదినాల్లోపు ఫిర్యాదు చేసినవారు ఒక్క రూపాయి కూడా భరించనక్కర్లేదు. 4 నుంచి 7 పనిదినాలైతే మామూలు సేవింగ్స్ ఖాతాకి గరిష్ఠంగా 10,000 రూపాయల నష్టం ఖాతాదారుది. 5 లక్షలకు మించిన పరిమితి ఉన్న క్రెడిట్ కార్డుకైతే అది 25,000. ఏడు దాటితే బ్యాంకు సొంత పాలసీ ప్రకారం. ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో తాత్కాలికంగా జమచేయాలి, 90 రోజుల్లో తేల్చాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. పిన్ నంబరు చీటీ మీద రాసి అదే పర్సులో పెట్టుకుని ఉంటే దాన్ని ఖాతాదారు నిర్లక్ష్యంగా లెక్కగడతారు. అప్పుడు ఫిర్యాదు చేసేలోపు పోయినదంతా మనదే, చేసిన తర్వాత పోయింది మాత్రమే బ్యాంకుది. పెద్దవాళ్లలో ఈ అలవాటు చాలామందికి ఉంటుంది. నాన్నగారిని కోప్పడకుండా, నెమ్మదిగా అడిగి నిజం తెలుసుకోండి. తిడతారని భయపడితే చెప్పరు.

సంతకం పెట్టిన చెక్కు గురించి ఎవరూ తొందరపడరు, నన్నడిగితే కార్డుతో సమానంగా తొందరపడాల్సింది దానికే. పేరు, మొత్తం రాయని చెక్కు చేతికొస్తే రాసుకోవడమే తరువాయి. చెక్కుబుక్కు కౌంటర్‌ఫాయిల్ చూసి ఆ ఆరంకెల నంబరుతో స్టాప్ పేమెంట్, అంటే ఆ చెక్కుకి డబ్బు ఇవ్వొద్దన్న సూచన, పెట్టించండి. నెట్ బ్యాంకింగ్‌లో రెండు నిమిషాల పని.

ఫోను చేతిలో ఉండటం మీ అదృష్టం. ఫోనూ పర్సూ ఒకే హ్యాండ్‌బ్యాగులో పోతే క్రమం తలకిందులవుతుంది. అప్పుడు కార్డు కంటే ముందు సిమ్ ఆపించాలి. ఎందుకంటే యూపీఐ పిన్ కొత్తగా పెట్టుకోవడానికి కావాల్సింది డెబిట్ కార్డు చివరి ఆరంకెలు, గడువు తేదీ, బ్యాంకులో ఇచ్చిన నంబరుకి వచ్చే ఓటీపీ. కార్డు పర్సులో ఉంది, ఓటీపీ సిమ్‌కి వస్తుంది. ఫోన్‌కి ఎంత గట్టి లాక్ ఉన్నా, సిమ్ బయటికి తీసి వేరే ఫోన్‌లో వేస్తే ఓటీపీ అక్కడికే పోతుంది. దీనికి విరుగుడు సిమ్ పిన్. ఫోన్ సెట్టింగుల్లో సెక్యూరిటీ కింద సిమ్ లాక్ అని ఉంటుంది. అది పెడితే సిమ్‌ని ఏ ఫోన్‌లో వేసినా ముందు ఆ పిన్ అడుగుతుంది, మూడుసార్లు తప్పు కొడితే మూసుకుపోతుంది. నాన్నగారి ఫోన్‌లో ఇది ఇవాళే పెట్టించండి. కంపెనీ ఇచ్చిన పాత పిన్ తెలియకుండా ఊహించి మాత్రం కొట్టొద్దు, మూడో తప్పుకి సిమ్ తిరిగి తెరిచే పీయూకే కోడ్ కోసం కస్టమర్ కేర్ చుట్టూ తిరగాలి.

పోలీసులకు చెప్పాలా అంటే, తప్పకుండా చెప్పాలి. పర్సు దొరుకుతుందని కాదు. రేపు ఎవరో ఆ పాన్ మీద అప్పు తీసినప్పుడు, ఫలానా తేదీకి ముందే నా కార్డులు పోయాయని చూపించే కాగితం అదొక్కటే. బస్సులో ఎక్కడ పోయిందో తెలియదు కాబట్టి మా పరిధి కాదని తిప్పి పంపే ప్రమాదం ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. ఎవరో కొట్టేశారని అనుమానముంటే దొంగతనం అని రాయండి. జారిపోయిందని అనిపిస్తే పోగొట్టుకున్నట్టు రాయండి, దానికి ఎఫ్ఐఆర్ కాకుండా రసీదు ఇస్తారు. ఏదిచ్చినా స్టేషన్ ముద్ర, తేదీ ఉండేలా చూసుకోండి. ఫిర్యాదులో ‘కొన్ని కార్డులు’ అని రాస్తే పనికిరాదు. ఆధార్ చివరి నాలుగంకెలు, పాన్, లైసెన్సు నంబరు, ఒక్కో బ్యాంకు కార్డు చివరి నాలుగంకెలు, చెక్కు నంబరు వరసగా రాయాలి. ‘ఈ తేదీ తర్వాత వీటిని ఎవరైనా వాడితే నాకు సంబంధం లేదు’ అన్న వాక్యం చేర్చండి. కార్డుల నంబర్లు గుర్తులేకపోతే పాత జిరాక్సుల్లోనో డిజీలాకర్‌లోనో దొరుకుతాయి.

బస్సు టికెట్ పారేయకపోతే దాని మీద డిపో పేరు, సర్వీసు నంబరు ఉంటాయి. డిపోకి ఫోన్ చేయండి, కండక్టర్లు దొరికిన వస్తువులు అక్కడే అప్పగిస్తారు. ఒకవేళ పర్సు దొరికినా బ్లాక్ చేసినవేవీ తిరిగి తెరవొద్దు. రెండు వైపులా ఫోటో తీయడానికి అర నిమిషం చాలు. పర్సు వెనక్కి వచ్చిందంటే సమాచారం వెనక్కి వచ్చినట్టు కాదు.

డబ్బు నిజంగానే పోయి ఉంటే స్టేషన్‌కి వెళ్లేలోపే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయించండి. డబ్బు చేరిన ఖాతాలో ఇంకా మిగిలి ఉంటే దాన్ని నిలబెట్టడానికి వీలయ్యేది మొదటి కొద్ది గంటల్లోనే. అదే ఫిర్యాదు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ పెట్టొచ్చు. ఇది మీరు డల్లాస్ నుంచి కూడా చేయగలరు, ఓటీపీ మాత్రం నాన్నగారి నంబరుకి వస్తుంది.

ఇక ఆధార్. కార్డు పోతే కొత్త ప్రింటు వస్తుంది గానీ నంబరు మారదు. అందుకని ఆ నంబరు తెరిచే తలుపులకి గడియ పెట్టుకోవాలి. అన్నిటికన్నా ముందు బయోమెట్రిక్ లాక్. మైఆధార్ వెబ్‌సైట్లో గానీ యాప్‌లో గానీ ఓటీపీతో ఉచితంగా చేయొచ్చు. పర్సులో వేలిముద్ర లేదు కదా, ఇదెందుకని అనిపించొచ్చు. ఊళ్లో బ్యాంకు తరఫున పనిచేసే ఏజెంటు, అంటే బ్యాంకు మిత్ర, దగ్గర వేలు పెట్టి డబ్బు తీసుకునే ఆధార్ చెల్లింపు పద్ధతిలో కార్డు, పిన్, ఓటీపీ ఏవీ అడగరు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర, ఈ మూడే. మొదటి రెండూ పర్సులో దొరికేశాయి. మూడోది భూమి దస్తావేజుల మీద ఉంటుంది. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు స్టాంపులు తయారుచేసే పద్ధతిలో వాటికి నకళ్లు చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. మీ కుటుంబంలో పొలమో స్థలమో రిజిస్టర్ అయి ఉంటే ఇది ఊహల్లో భయం కాదు.

అయితే లాక్ వేసిన వాళ్లకి ఒక ఇబ్బంది వస్తుంది, అది చెప్పకపోతే రేపు నాన్నగారు చిక్కుల్లో పడతారు. బయోమెట్రిక్ లాక్‌లో ఉంటే రేషన్ షాపులో ఈపాస్ మిషన్ వేలిముద్ర తీసుకోదు. ఇంటికొచ్చి పింఛను ఇచ్చే సిబ్బంది మిషన్ దగ్గరా, లైఫ్ సర్టిఫికెట్ దగ్గరా ఇదే సమస్య. అప్పుడు తాత్కాలికంగా తెరవాలి. కొద్ది నిమిషాలు తెరుచుకుని దానంతటదే మళ్లీ మూసుకుంటుంది. ఈ పని నాన్నగారి చేత మీరు వీడియో కాల్‌లో రెండుసార్లు చేయించి చూడండి. ఒకటో తేదీ పొద్దున పింఛను మనిషి గుమ్మంలో నిలబడ్డాక నేర్పడం కష్టం, పైగా అప్పుడు మీకు రాత్రి.

దీనికన్నా గట్టిది ఆధార్ నంబరునే లాక్ చేయడం. ముందు ఆధార్ నంబరుకి బదులుగా వాడే 16 అంకెల వర్చువల్ ఐడీ పుట్టించుకోవాలి. ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో జీవీఐడీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఆధార్ చివరి నాలుగంకెలు రాసి రిజిస్టర్డ్ నంబరు నుంచి 1947కి ఎస్ఎంఎస్ పంపితే వస్తుంది. తర్వాత నంబరు లాక్ చేస్తే ఎవరు ఆధార్ నంబరు కొట్టినా పనిచేయదు, వర్చువల్ ఐడీతో మాత్రమే జరుగుతుంది. తిరిగి తెరవడానికి తాజా వర్చువల్ ఐడీ కావాలి. మరిచిపోతే ఇదే పద్ధతిలో జీవీఐడీ బదులు ఆర్‌వీఐడీ అని పంపితే తిరిగొస్తుంది. నా అభిప్రాయం అడిగితే, రేషన్, పింఛను, ఆసుపత్రి పనులకు ఆధార్ తరచూ ఇచ్చే పెద్దవాళ్లకి ఇది మోయలేని బరువు. నాన్నగారికి బయోమెట్రిక్ లాక్ వరకు చాలు. ఇండియాలో ఆధార్ వాడే అవసరమే లేని మీరైతే మీ నంబరుకి రెండూ వేసుకోండి.

అదే వెబ్‌సైట్లో ఆథెంటికేషన్ హిస్టరీ అని ఉంటుంది. గత ఆరు నెలల్లో ఆధార్‌ని ఏ సంస్థ, ఏ పద్ధతిలో, ఎన్ని గంటలకు తనిఖీ చేసిందో చూపిస్తుంది. పర్సు పోయిన తేదీ నుంచి కిందికి చదవండి. నాన్నగారు వెళ్లని టెలికాం కంపెనీ పేరో, వినని ఫైనాన్స్ కంపెనీ పేరో ఉంటే అది మొదటి ఆధారం. ఏదైనా తనిఖీ విఫలమైనట్టు చూపిస్తే ఎవరో ప్రయత్నించి ఓడిపోయారని అర్థం, దాన్నీ వదలొద్దు. మొదటి రెండు నెలలు వారానికోసారి, తర్వాత నెలకోసారి చూస్తే సరిపోతుంది.

నాన్నగారి పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో తెలుస్తుంది. ఈ సౌకర్యం 2021లో మొదలైంది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే, తర్వాత దేశమంతా వచ్చింది. ఫోన్ నంబరు, ఓటీపీ కొడితే జాబితా వస్తుంది. తెలియని నంబరు పక్కన ‘ఇది నా నంబరు కాదు’ అన్నది ఎంచుకోవాలి. ‘అవసరం లేదు’ అన్నది వేరే ఆప్షన్, అది మనదే అయిన పాత సిమ్‌కి. తొందరలో అది నొక్కితే ఆ నంబరు మనదేనని ఒప్పుకున్నట్టవుతుంది.

పాన్ సంగతికి వస్తే మీ క్రెడిట్ ఫ్రీజ్ ప్రశ్న. అమెరికాలో 2018 సెప్టెంబరు 21 నుంచి అప్పుల చరిత్ర దాచే మూడు క్రెడిట్ బ్యూరోల దగ్గరా ఫ్రీజ్ చట్టప్రకారం ఉచితం, పెట్టాక కొత్త అప్పు పుట్టడమే కష్టం. అలా చట్టం అందరికీ ఇచ్చే ఫ్రీజ్ ఇండియాలో లేదు. తలుపు మూయలేం కాబట్టి కిటికీలోంచి కనిపెట్టుకుని ఉండాలి. ఇక్కడ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు బ్యూరోలున్నాయి. ఒక్కోటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అప్పు ఇచ్చిన సంస్థలు నాలుగింటికీ సమాచారం పంపాలి గనుక, నాలుగూ ఒకేసారి తీయకుండా మూడు నెలలకొకటి తీస్తే ఏడాదంతా కాపలా ఉన్నట్టే, ఖర్చు లేదు. మొదటిది పర్సు పోయిన 45 రోజులకి తీయండి. మరీ ముందు తీస్తే కొత్త అప్పు అందులో చేరి ఉండకపోవచ్చు.

రిపోర్టు తీసిన చాలామంది స్కోరు చూసి మూసేస్తారు. చూడాల్సింది వేరే మూడు చోట్ల ఉంటుంది. ఖాతాల జాబితాలో తెలియని అప్పు ఉందా. ఎంక్వైరీల భాగంలో, అంటే అప్పు అడిగితే ఏ సంస్థ రిపోర్టు చూసిందో ఉండే చోట, తెలియని పేరుందా. అన్నిటికన్నా ముందుగా పట్టిచ్చేది వ్యక్తిగత వివరాల భాగం. అక్కడ నాన్నగారి పాత ఫోన్ నంబర్లు, చిరునామాలు ఉంటాయి. గుంటూరు మనిషి రిపోర్టులో ఎన్నడూ చూడని ఊరి చిరునామా, తెలియని మొబైల్ నంబరు చేరిందంటే, ఆ పాన్‌తో ఎవరో దరఖాస్తు పెట్టారు. అప్పు మంజూరు కాకముందే తెలిసే గుర్తు ఇది.

జీఎస్టీ పోర్టల్‌లో పాన్ కొట్టి వెతికితే ఆ పాన్ మీద ఉన్న రిజిస్ట్రేషన్లన్నీ, రాష్ట్రాలవారీగా వస్తాయి. లాగిన్ అక్కర్లేదు. ఆదాయపన్ను పోర్టల్‌లో ఏఐఎస్, అంటే ఆ పాన్ మీద నమోదైన ఏడాది ఆదాయ, లావాదేవీల పట్టిక, కూడా చూడండి, తెలియని జీతమో కమీషనో ఉంటే ఎవరో ఆ పాన్ ఇచ్చి ఆదాయం చూపించారు. కొత్త పాన్‌కి మాత్రం దరఖాస్తు చేయకండి. రెండు పాన్లుంటే 10,000 రూపాయల జరిమానా ఉంది. పాత నంబరుతోనే రీప్రింట్ అడగాలి.

ఒకవేళ అప్పు కనబడితే, లేదా ఏజెంటు ఫోన్ చేస్తే: ‘గొడవెందుకు, ఒక వాయిదా కట్టేద్దాం’ అనే ఆలోచన ఎంత చిన్న మొత్తమైనా వద్దు. కట్టిన మరుక్షణం ఆ అప్పు మీదేనని వాళ్ల రికార్డు చెబుతుంది. కొంత కట్టి ముగించుకునే సెటిల్‌మెంట్‌కీ ఒప్పుకోవద్దు, రిపోర్టులో ఆ మాట ఏళ్లపాటు మిగిలిపోతుంది. సంస్థ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ రాసి నాలుగు అడగండి: అప్పు ఒప్పందం కాపీ, డబ్బు పంపిన బ్యాంకు ఖాతా, కేవైసీలో తీసుకున్న ఫోటో, దరఖాస్తులో ఇచ్చిన మొబైల్ నంబరు. డబ్బు చేరిన ఖాతా నాన్నగారిది కాదు, ఫోటోలో మనిషి వేరు. ఈ రెండూ తేలితే వాళ్ల వాదన నిలబడదు. పోలీసు కాగితం జతచేయండి. అదే రోజు బ్యూరో దగ్గర ఆ అప్పు నాది కాదని డిస్ప్యూట్ పెట్టండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి ఆర్‌బీఐ నిబంధన ఉంది. అడిగిన తేదీ మెయిల్‌లో ఉంటేనే ఆ లెక్క మొదలవుతుంది కాబట్టి ఫోన్ మాటలతో సరిపెట్టుకోవద్దు. అక్కడా తేలకపోతే ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్, ఆ సహాయ నంబరు 14448. పోలీసు ఫిర్యాదులో ఐటీ చట్టం 66సీ అని చేర్చమనండి, వేరొకరి గుర్తింపు వాడుకోవడం గురించిన సెక్షన్ అదే, మూడేళ్ల వరకు జైలు ఉంది.

ఈ రోజుల్లోనే నాన్నగారికి ఒక ఫోన్ రావొచ్చు. ‘సార్, మీ కార్డు బ్లాక్ చేయమన్నారు కదా, కొత్త కార్డు పంపడానికి వెరిఫికేషన్’ అంటారు. పూర్తి పేరు, పుట్టిన తేదీ, బ్యాంకు, కార్డు నంబరు, ఇంటి చిరునామా తప్పు లేకుండా చదువుతారు. అన్నీ కరెక్టుగా చెప్పారు కదా, బ్యాంకువాళ్లే అని నమ్మబుద్ధేస్తుంది. అవన్నీ పర్సులో ఉన్నవే. చివర్లో అడిగేది ఓటీపీ, లేదా ఒక యాప్ వేసుకోమనడం. ‘నేనే బ్రాంచికి వస్తాను’ అని పెట్టేయమని చెప్పండి, ఆ ఒక్క వాక్యం చాలు. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకొద్దని కూడా చెప్పండి, పాస్‌బుక్ మీద ఉన్నదే వాడాలి.

మిగతా కాగితాలు తొందరేమీ లేదు. లైసెన్సు నకలుకి రవాణా శాఖ ఆన్‌లైన్ దరఖాస్తు ఉంది, పోలీసు కాగితం అడుగుతారు. ఈలోపు డిజీలాకర్‌లోని లైసెన్సు చూపిస్తే చట్టప్రకారం చెల్లుతుంది. క్రెడిట్ కార్డుతో కట్టుకుంటున్న బీమా ప్రీమియం ఏదైనా ఉంటే కొత్త కార్డు నంబరు ఇవ్వడం మరిచిపోకండి, పాలసీ ల్యాప్స్ అయ్యేది ఇలాంటప్పుడే.

కొత్త పర్సులోకి ఒక ఏటీఎం కార్డు, వాడేదైతే ఒక క్రెడిట్ కార్డు, కొంత నగదు. ఒరిజినల్ ఆధార్, పాన్ బీరువాలో ఉండనివ్వండి. గుర్తింపు అడిగే చోట్లకి మాస్క్‌డ్ ఆధార్ ప్రింటు తీసివ్వండి, అందులో చివరి నాలుగంకెలే కనబడతాయి. దాని పీడీఎఫ్ పాస్‌వర్డు ఆధార్‌లో ఉన్న పేరు మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, పక్కనే పుట్టిన సంవత్సరం. జిరాక్సు ఇవ్వాల్సి వస్తే ‘ఫలానా లాడ్జి గది కోసం మాత్రమే’ అని తేదీతో సహా నంబరు మీదుగా అడ్డంగా రాసి సంతకం పెట్టాలి. మూలన ఖాళీలో రాస్తే ఆ ముక్క కత్తిరించి మళ్లీ జిరాక్సు తీయొచ్చు.